కోడ్ ఎడిటర్‌లో క్లాస్ డయాగ్రామ్: ఆరో వారం, ఇప్పుడు బొమ్మలోంచి కోడ్ మారుతోంది

కోడ్‌లోని క్లాసుల్ని (డేటా, దాని మీద చేసే పనులు కలిపి రాసే మూసల్ని) డబ్బాలుగా చూపించే బొమ్మ గీసే టూల్ ఒకటి రాస్తున్నా. పోయిన వారం దాకా ఆ బొమ్మ చూడటం వరకే ఉండేది. ఇప్పుడు డబ్బా మీద డబుల్ క్లిక్ చేసి క్లాస్ పేరు మారిస్తే కోడ్‌లో కూడా మారుతోంది, అదీ వాడిన ప్రతి చోటా. నాకు ఈ ఒక్కదానికే పదకొండు రాత్రులు పట్టింది.

కొత్తగా చదివేవాళ్ళకి, నేను రాస్తున్నది వీఎస్ కోడ్ అనే ఎడిటర్‌కి ఎక్స్‌టెన్షన్, అంటే దానికి అదనంగా తగిలించుకునే టూల్. పైథాన్ ఫైల్ తెరిస్తే పక్కన వెబ్‌వ్యూలో (ఎడిటర్ లోపలే వెబ్ పేజీలా తెరుచుకునే భాగం) క్లాసులు డబ్బాలుగా, ఇన్‌హెరిటెన్స్ (ఒక క్లాస్ ఇంకోదాన్నుంచి రావడం) బాణాలుగా వస్తాయి. ఇలాంటి బొమ్మలు గీసే పద్ధతి యూఎంఎల్‌ని ఓఎంజీ అనే స్టాండర్డ్స్ సంస్థ 1997లోనే స్టాండర్డ్ చేసింది, అప్పట్నుంచీ ఇలాంటి టూల్స్ చాలానే ఉన్నాయి, కానీ కాలేజీలో నేను వాడినదాంట్లో మోడల్ ఒక ఫైల్, కోడ్ ఇంకో ఫైల్, రెండు వారాలు పోతే దానికీ దీనికీ సంబంధమే ఉండేది కాదు. అందుకే మొదటి రోజే గట్టిగా అనుకున్నా, బొమ్మ కోడ్‌లోంచే పుట్టాలి, దానికి సొంత మోడల్ ఉండకూడదు అని. టెక్స్ట్ రాస్తే బొమ్మ గీసిచ్చే మెర్మెయిడ్, ప్లాంట్‌యూఎంఎల్ నాకూ ఇష్టమే, డాక్యుమెంట్లకి అవే వాడతా, అయితే వాటిలో బొమ్మ కోసం మళ్ళీ వేరే టెక్స్ట్ రాసుకోవాలి కదా.

పార్సింగ్‌ని, అంటే కోడ్ చదివి దాని నిర్మాణాన్ని చెట్టులా తయారుచేయడాన్ని, మొదట పైథాన్ సొంత ఏఎస్‌టీ మాడ్యూల్‌తో మొదలుపెట్టా. ఒక్క బ్రాకెట్ మూయకపోయినా సింటాక్స్ ఎర్రర్ అని చెప్పి చెట్టే ఇవ్వదు, టైప్ చేస్తున్నప్పుడు కోడ్ సగం సగమే ఉంటుంది కాబట్టి అది పనికిరాలేదు. ట్రీ-సిట్టర్ అనే ఇంకో పార్సర్‌కి మారా. అది విరిగిన కోడ్‌కి కూడా చెట్టు ఇస్తుంది, తప్పున్న చోట ఎర్రర్ నోడ్ పెడుతుంది. ఎర్రర్ పడిన క్లాస్‌కి పాత డబ్బానే ఉంచి అంచు బూడిద రంగు చేస్తున్నా, లేకపోతే డబ్బా పోయి వచ్చి పోయి వచ్చి కళ్ళు లాగేస్తాయి. టైపింగ్ ఆగాక 300 మిల్లీసెకన్లు చూసి అప్పుడే మళ్ళీ గీస్తున్నా.

ఇక ఈ వారం సగం తినేసిన బగ్. మా పెద్దమ్మ మనవడికి క్లాసులంటే ఏంటో చెప్పడానికి తెలుగు పేర్లతో ఒక ఫైల్ రాశా, పైథాన్ 3లో పేర్లు తెలుగులో పెట్టుకోవచ్చు. అందులో పంట అనే క్లాస్, దాన్నుంచి వచ్చే వరి, మొక్కజొన్న. బొమ్మలో పంట పేరు మారిస్తే వరి లైన్లో, అంటే class వరి(పంట): అన్న చోట, బ్రాకెట్ లోపల మారకుండా కొత్త పేరు లైన్ చివరికి వెళ్ళి పడుతోంది! ఇంగ్లీష్ పేర్లతో అంతా సరిగ్గానే ఉంది. రెండు రాత్రులు నా లాజిక్‌లోనే వెతికా. అసలు సంగతేంటంటే నేను ట్రీ-సిట్టర్‌ని పైథాన్ స్క్రిప్ట్‌లో నడుపుతున్నా, అది కాలమ్‌ని (లైన్లో ఎన్నో స్థానం అన్నది) యూటీఎఫ్-8 బైట్లలో చెప్తుంది, వీఎస్ కోడ్ మాత్రం యూటీఎఫ్-16 యూనిట్లలో లెక్కేస్తుంది. ఈ రెండూ అక్షరాల్ని కంప్యూటర్‌లో దాచే పద్ధతులు. తెలుగులో ఒక్కో కోడ్‌పాయింట్ (అక్షరం, గుణింతం లాంటి ఒక్కో గుర్తు) యూటీఎఫ్-8లో 3 బైట్లు, యూటీఎఫ్-16లో 1 యూనిట్. వరి అంటే వ, ర, గుడి, మొత్తం మూడు, అంటే అక్కడ 9, ఇక్కడ 3. దాంతో పంట మొదలయ్యే కాలమ్ 10 అయితే నాకు 16 వస్తోంది, ఆ లైన్ పొడవే 15. పార్సర్‌ని వెబ్ అసెంబ్లీ (జావాస్క్రిప్ట్ పక్కనే నడిచే రూపం) వెర్షన్‌కి మార్చి ఎక్స్‌టెన్షన్ లోపలే నడిపా, అది జావాస్క్రిప్ట్ స్ట్రింగ్ లెక్కలోనే ఇస్తుంది, సమస్య పోయింది. ఇలాంటి టూల్ రాసేవాళ్ళు ఎవరైనా సరే టెస్టుల్లో ఒక్క తెలుగు ఫైల్ పెట్టుకోండి, మన భాష ఉన్న ఫైల్ పాడవకుండా ఉంటుంది.

డబ్బా వెడల్పు కూడా అదే కథ. అక్షరాలు లెక్కపెట్టి ఏడు పిక్సెళ్ళతో గుణించేవాడిని, మొక్కజొన్నలో కోడ్‌పాయింట్లు పది, కంటికి కనిపించేవి నాలుగే, డబ్బా బారుగా సాగిపోయేది. ఇప్పుడు బ్రౌజర్‌లో బొమ్మలు గీసే కాన్వాస్‌తో నిజం వెడల్పు కొలుస్తున్నా, ఫాంట్ లోడ్ అయ్యాకే.

రాసేటప్పుడు ఫైల్ మొత్తం తిరగరాయడం లేదు, ఇప్పుడు పైథాన్ లాంగ్వేజ్ సర్వర్‌ని (కోడ్‌ని అర్థం చేసుకుని ఎడిటర్‌కి సాయం చేసే ప్రోగ్రామ్) రీనేమ్ అడిగి అది ఇచ్చిన ఎడిట్లే అప్లై చేస్తున్నా, కంట్రోల్ జెడ్ కూడా పనిచేస్తోంది. వెబ్‌వ్యూ పంపే ప్రతి మెసేజ్‌లో తను చూసిన డాక్యుమెంట్ వెర్షన్ నంబర్ ఉంటుంది, అది పాతదైతే కోడ్ ముట్టుకోను, బొమ్మ మళ్ళీ గీస్తా అంతే.

లేఅవుట్‌కి, అంటే ఏ డబ్బా ఎక్కడ ఉండాలో లెక్కేయడానికి, డాగ్రే అనే లైబ్రరీ తీసేసి ఈఎల్‌కే అనేది పెట్టా. వెబ్‌వ్యూలో వర్కర్‌ని (వెనకాల విడిగా నడిచే స్క్రిప్ట్) ఎక్స్‌టెన్షన్ ఫోల్డర్ నుంచి నేరుగా లోడ్ చేయనివ్వదు, కోడ్ తెచ్చుకుని బ్లాబ్‌గా (మెమరీలో ఉండే ఫైల్ లాంటిది) మార్చి ఇవ్వాలి, ఒక సాయంత్రం దానికే పోయింది. చేత్తో జరిపిన డబ్బాల చోటు పక్కనే చిన్న జేసన్ (సాదా టెక్స్ట్‌లో డేటా రాసే పద్ధతి) ఫైల్‌లో దాస్తున్నా, డబ్బాకో లైన్, పేర్ల వరుసలో, కోడ్ మార్పులు గుర్తుపెట్టుకునే గిట్‌లో తేడా చదవడానికి వీలుగా.

తర్వాత బాణం లాగి పేరెంట్ క్లాస్ చేర్చడం. పేరెంట్ క్లాస్ రెండోది వస్తే ఏది ముందు ఉందన్న దాన్ని బట్టి ఏ మెథడ్ (క్లాస్ లోపలి ఫంక్షన్) దొరుకుతుందో మారిపోతుంది, కాబట్టి నేనే చివర తగిలించకుండా ముందా వెనకా అని అడిగేలా చేస్తున్నా, ఆ మెనూ సగం అయింది.