చపాతీలోకి ఏం కూర?

మా కోస్తా ఇళ్లలో ఎవరికైనా షుగర్ వచ్చిందని తెలిస్తే చాలు, రాత్రి అన్నం మానేసి చపాతీలు మొదలుపెడతారు. డాక్టర్ కంటే ముందే చుట్టాలు ఆ మాట చెబుతారు. ఆ తర్వాత ఎన్ని చపాతీలు, ఏ కూరతో అని అడిగే నాథుడు ఉండడు.

నా జబ్బును పట్టుకున్నది కంటి డాక్టర్. కళ్లజోడు నంబరు ఏడాది తిరగకుండానే రెండోసారి మారడంతో ఆయనకు అనుమానం వచ్చింది. రక్తపరీక్ష చేయించుకుని రండి, అద్దాల సంగతి ఆ తర్వాత చూద్దామన్నారు. చక్కెర బాగా పెరిగినప్పుడు కంటిలోని కటకం ఉబ్బి చూపు మసకబారుతుందని అప్పుడే విన్నాను. పరగడుపున చక్కెర 186. మూడు నెలల సగటు చెప్పే హెచ్‌బీఏ1సీ 8.9, అది 6.5 ఉంటేనే మధుమేహం అంటారు. బడిలో చివరి పీరియడ్‌కల్లా కాళ్లు పీకడం, రాత్రిళ్లు దాహంతో లేవడం, అన్నింటినీ అప్పటిదాకా ఇంట్లో అందరూ వయసు ఖాతాలో వేశారు.

చక్కెర తగ్గించే మాత్ర మెట్‌ఫార్మిన్ మొదలైంది. రాత్రికి చపాతీలూ మొదలయ్యాయి. తిండి మొదలుపెట్టిన రెండు గంటలకు వేలు గుచ్చి చూసుకుంటే 180 లోపు ఉండాలని డాక్టర్ చెప్పారు. మూడు చపాతీలు, బంగాళాదుంప కుర్మా తిన్న రాత్రి 241 చూపించింది. అన్నం తిన్న రోజుకూ దానికీ పెద్ద తేడా లేదు.

ఆసుపత్రిలో పోషకాహారం గురించి చెప్పే అమ్మాయి ఆ అంకె చూసి, "చపాతీ సరే మేడమ్, అందులోకి ఏం చేసుకున్నారు?" అని అడిగింది. నేను చెప్పగానే నవ్వి, ఇంట్లో పిండి ముద్దను తూకం వేసి చూడమంది. తూచాను. ఒక్కో ఉండ 55 గ్రాములు. అందులో నీళ్లు పోగా పొడి పిండి దాదాపు 35. గోధుమపిండిలో మూడింట రెండు వంతులు పిండిపదార్థమే కాబట్టి, మూడు చపాతీలకు 65 గ్రాములు దాటిపోతుంది. దాని మీద బంగాళాదుంప. అంటే అన్నంలోకి అన్నం కలుపుకుని తిన్నట్టే.

ఆమె చెప్పిన లెక్క తేలికే. కంచంలో సగం కూరగాయలు, పావు భాగం పప్పో గుడ్డో చేపో, మిగిలిన పావు రొట్టె. ఆచరణలో చిక్కు వేరే చోట వచ్చింది. మన కూరలు ఉత్తగా తినడానికి పుట్టినవి కావు. కలుపుకోవడానికో, అద్దుకోవడానికో ఉప్పూకారం గట్టిగా పట్టించినవి. గోరుచిక్కుడు కూర గిన్నెడు ఉత్తగా తినబోతే నోరు భగ్గుమంది. దాంతో నా వంట మారింది. కారం సగం చేసి, కొబ్బరి, నువ్వులపొడి పెంచాను. సొరకాయలో పెసరపప్పు, బీరకాయలో శనగపప్పు, పాలకూరలో కందిపప్పు కాస్త ఎక్కువగానే వేస్తాను. ముందు కూర సగం తినేసి, ఆ తర్వాతే చపాతీ తుంచుతాను. పీచు, మాంసకృత్తులు ముందు కడుపులో పడితే పిండి నిదానంగా అరుగుతుంది, చక్కెర ఒక్కసారిగా ఎగబాకదు. 40 గ్రాముల ఉండలతో రెండు పుల్కాలు, గోరుచిక్కుడు, పాలకూర పప్పు, చివర్లో కాస్త మజ్జిగ. ఆ రాత్రి మీటరు 158 చూపించింది. ఇంత కంటికింపైన అంకెను నేను జీతం స్లిప్పులో కూడా చూడలేదు.

మా అత్తగారిది కర్నూలు వైపు. ఆమెకు చపాతీ అంటే చిన్నచూపు. "జొన్నరొట్టె తినమ్మా, మా ఊళ్లో ఎవరికి ఉంది షుగరు?" అంటారు. వేడినీళ్లతో పిండి కలిపి, అరచేత్తో తట్టి, పెనం మీద వేశాక తడిగుడ్డతో పైన తుడుస్తారు. ఆ రొట్టె పొంగుతుంటే ఎవరికైనా నోరూరుతుంది. కానీ ఆమె ఒక్క రొట్టెకు తీసుకునే పిండి నా రెండు పుల్కాలకు సరిపోతుంది. జొన్నలోనూ పిండిపదార్థం తక్కువేమీ కాదు. ఒకటి తిని, గుత్తివంకాయ, అలసందల కూర ఎక్కువ వేసుకుంటే మీటరు ఊరుకుంటుంది. రెండోది తింటే ఊరుకోదు. పొలంలో పొద్దంతా వంగి పనిచేసినవాళ్లకు నాలుగు రొట్టెలు అరిగాయంటే, అందులో రొట్టె గొప్పతనం ఎంతో నాకు అనుమానమే.

భోజనమయ్యాక ఇరవై నిమిషాలు మేడమీద నడుస్తాను. నడిచే కండరాలు రక్తంలోని చక్కెరను వాడుకుంటాయి; నడవని రాత్రికీ నడిచిన రాత్రికీ తేడా అంకెల్లోనే తెలుస్తుంది. పండగలకు మాత్రం ఈ లెక్కలేవీ సాగవు. బొబ్బట్టు కూడా రొట్టే అని మావారి వాదన. ఉగాదికి ఒకటి తింటాను, ఆ పూట పుల్కా ఉండదు.

మొన్నటి పరీక్షలో హెచ్‌బీఏ1సీ 6.7 వచ్చింది. డాక్టర్ మాత్ర మోతాదు సగానికి తగ్గించారు, పూర్తిగా ఆపమని అడగొద్దని కూడా అన్నారు. కళ్లజోడు నంబరు నిలకడగా ఉంది. తూకం మిషను వంటింట్లోనే ఉంది గానీ, అత్తగారు రొట్టెలు చేసే రోజు దాన్ని బల్ల కింద పెట్టేస్తారు.