ఉద్యోగం మానకుండా క్యాట్‌కి చదవాలంటే

ఐఐఎంల్లాంటి చోట్ల ఎంబీఏ సీటు కోసం రాసే క్యాట్‌లో మూడు సెక్షన్లు, ఒక్కోదానికి 40 నిమిషాలు. టైం అయ్యేదాకా ఇంకోదాంట్లోకి వెళ్లనివ్వరు. ఒప్పుకు 3 మార్కులు, ఆప్షన్లున్న ప్రశ్న తప్పితే 1 కోత. జవాబు మనమే నింపేవాటికి కోత లేదు.

గుంటూరు నుంచి బెజవాడకు రోజూ రైల్లో వెళ్లొచ్చేవాళ్లు ఆ టైంలో ప్యాసేజీలు చదువుకోవచ్చు, లెక్కలు మాత్రం కుదరవు. సీటు దొరకడమే గగనం, ఇక పెన్నూ పేపరూ ఎక్కడ! లెక్కలకు తెల్లవారుజామున గంట ఉంచుకోండి. రాత్రి అలసిపోయి వీడియోలు చూస్తే అర్థమైనట్టే ఉంటుంది, తీరా చేయబోతే చెయ్యి కదలదు.

అసలు దెబ్బ తగిలేది డీఐఎల్ఆర్‌లో, అంటే డేటా, లాజిక్ ప్రశ్నల సెక్షన్లో. అందులో ఒకే సమాచారం మీద వచ్చే కొన్ని ప్రశ్నల్ని సెట్ అంటారు. మొదటి సెట్‌నే పట్టుకుని వేలాడతారు. ముందు 4 నిమిషాలు అన్ని సెట్లూ చూసి తేలికైనదాంతో మొదలెట్టాలి. 10 నిమిషాలకి టేబుల్ సగమైనా నిండకపోతే వదిలేయడమే.

మాక్, అంటే నమూనా పరీక్ష, ఆదివారం రాయండి, ఫోన్లో వద్దు. పరీక్షలో కీబోర్డు పనిచేయదు, కాలిక్యులేటర్ అంకెలు కూడా మౌస్‌తో ఒక్కొక్కటీ నొక్కాలి. 17 ఇంటూ 23 నోటితో చేసేయడమే నయం. 2 గంటల మాక్‌కి తప్పులు చూసుకోడానికి 3 గంటలైనా పడుతుంది.

ఏపీలో ఎంబీఏ, ఎంసీఏ సీట్లకు పెట్టే ఏపీ ఐసెట్ కూడా రాస్తుంటే పద్ధతి వేరు: 150 నిమిషాల్లో 200 ప్రశ్నలు, నెగటివ్ మార్కుల్లేవు, ఏదీ ఖాళీగా వదలొద్దు.