ట్యూన్ చేసిన పికప్‌లో ఇ30 ఇంధనం: ఇప్పటిదాకా జరిగిన పని

బండి 3.5 లీటర్ల ట్విన్ టర్బో వి6 పికప్, డైరెక్ట్ ఇంజెక్షన్. టర్బోలు, ఇంజెక్టర్లు, హై ప్రెజర్ పంప్ కంపెనీవే. మార్చింది ఇంటర్‌కూలర్, ట్యూన్ (ఇంజిన్ కంప్యూటర్‌లోని సెట్టింగ్‌లు) మాత్రమే. ప్రీమియం పెట్రోల్ మీద మామూలుగా బాగానే పోతుంది. కానీ ఎండలో ట్రెయిలర్ తగిలించి ఎత్తు ఎక్కేటప్పుడు లాగ్ చూస్తే, సిలిండర్లు ఒక్కొక్కటిగా ఇగ్నిషన్ టైమింగ్ (స్పార్క్ పడే క్షణం) వెనక్కి లాక్కుంటున్నాయి. నాక్ (ఇంధనం అదుపు తప్పి తనంతట తానే పేలడం) పసిగట్టే సెన్సర్ ఇంజిన్‌ను కాపాడుతోంది, సరిగ్గా బలం కావలసిన చోట బలం పోతోంది. ఇథనాల్ కలపాలనుకున్నది దీని కోసమే. ఇ30 అంటే 30 శాతం ఇథనాల్ ఉన్న పెట్రోల్, ఇ10, ఇ85 కూడా అలాగే.

ఇథనాల్ అనగానే అందరూ ఆక్టేన్ (నాక్‌ను తట్టుకునే శక్తి) గురించే మాట్లాడతారు. నిజమే, దాని రీసెర్చ్ ఆక్టేన్ 109 దాకా ఉంటుంది. టర్బో ఇంజిన్‌కు అంతకంటే ఎక్కువ మేలు చేసేది అది ఇచ్చే చల్లదనం అని నా అభిప్రాయం. కిలో ఇథనాల్ ఆవిరి కావడానికి కిలో పెట్రోల్‌కు పట్టే వేడికి రెండున్నర రెట్లు పడుతుంది. డైరెక్ట్ ఇంజెక్షన్‌లో ఇంధనం నేరుగా సిలిండర్‌లోకే వెళ్తుంది కాబట్టి, ఆ వేడిలో చాలా భాగం టర్బో నుంచి వచ్చిన వేడి గాలి నుంచే తీసుకుంటుంది. నాక్ అక్కడే తగ్గుతుంది.

ఇందుకు చెల్లించేది ఇంధనం రూపంలో. మామూలు పెట్రోల్‌కు గాలి, ఇంధనాల నిష్పత్తి (కిలో ఇంధనానికి ఎన్ని కిలోల గాలి) 14.7, ఇథనాల్‌కు 9. మిశ్రమానికి లెక్క కడితే ఇ10కు సుమారు 14.1, ఇ30కు 12.9, ఇ85కు 9.8 వస్తాయి. అంటే ఇ10తో పోలిస్తే ఇ30కు లీటర్లలో 8 శాతం దాకా ఎక్కువ ఇంధనం కావాలి. ఇ85కు అయితే 35 శాతానికి పైనే. నా హై ప్రెజర్ పంప్‌లో అంత మిగులు లేదు. ఈ పంప్ క్యామ్‌షాఫ్ట్ మీద తిరుగుతుంది, ఒక్కో తిప్పుకు ఇవ్వగలిగే ఇంధనం ఇంతేనని కట్టుబడి ఉంటుంది. ఒక్కో తిప్పుకు ఎక్కువ ఇంధనం అడిగేది టార్క్ గరిష్ఠంగా ఉన్నప్పుడు. కాబట్టి రైల్ ప్రెజర్ (ఇంజెక్టర్లకు అందే ఇంధనం ఒత్తిడి) పడిపోతుందేమో చూడాల్సింది రెడ్‌లైన్ దగ్గర మాత్రమే కాదు, మధ్య ఆర్‌పిఎంలో కూడా. ఇ30 మీద ఫుల్ థ్రాటిల్‌లో ట్యూన్ అడిగిన ప్రెజర్‌కు, నిజంగా ఉన్నదానికి తేడా కొద్దిగానే ఉంది. ఇథనాల్ ఇంకాస్త పెంచి చూస్తే ఆ తేడా స్పష్టంగా పెరిగింది. అందుకే ఈ పంప్‌తో నా హద్దు 30 అని ఖాయం చేసుకున్నాను.

కలిపే లెక్క సులువే. 100 లీటర్లలో 30 శాతం కావాలంటే, మిగతాది ఇ10 అనుకుంటే, 26.7 లీటర్ల ఇ85 చాలు. అయితే ఇ85 పేరుతో అమ్మేదాంట్లో 85 శాతం ఇథనాల్ ఉంటుందని నమ్మడానికి లేదు. అమెరికాలో ప్రాంతాన్ని, కాలాన్ని బట్టి 51 నుంచి 83 శాతం దాకా ఉండొచ్చు. చలిలో ఇథనాల్ సరిగా ఆవిరి కాదు, స్టార్టింగ్ కష్టమవుతుంది, అందుకని శీతాకాలంలో పెట్రోల్ వాటా పెంచుతారు. అది 70 శాతమే అయితే 33 లీటర్లు పోయాలి. ఈ తేడాను అంచనాతో సరిపెట్టకూడదు.

కాబట్టి కొత్తగా కొన్న ప్రతిసారీ కొలుస్తున్నాను. గీతలున్న గాజు గొట్టంలో 50 మిల్లీలీటర్ల నీళ్లు, 50 మిల్లీలీటర్ల ఇంధనం పోసి, మూత బిగించి ఊపి, నిలబెట్టాలి. ఇథనాల్ నీళ్లలోకి దిగిపోతుంది, పెట్రోల్ పైన తేలుతుంది. కింది పొర 85 గీత దగ్గర ఆగితే, పెరిగింది 35, అంటే 70 శాతం. నీళ్లు, ఇథనాల్ కలిస్తే మొత్తం పరిమాణం కాస్త తగ్గుతుంది కాబట్టి నిజం కంటే కొంచెం తక్కువే చూపిస్తుంది. ఈ పని బయట, గాలి ఆడేచోట, నిప్పుకు దూరంగా చేయాలి.

ట్యాంక్‌లో ముందు ఇ85, తర్వాత పెట్రోల్ పోస్తాను, బాగా కలుస్తుంది. పోసిన వెంటనే ఫుల్ థ్రాటిల్ వద్దు. లైన్లలో పాత ఇంధనం ఖాళీ అయి, ఫ్యూయల్ ట్రిమ్‌లు (ఇంధనాన్ని ఇంజిన్ కంప్యూటర్ ఎంత పెంచుతోందో, తగ్గిస్తోందో చెప్పే శాతాలు) కుదురుకునేదాకా మెల్లగా నడపాలి. ఇక్కడ పొగలోని ఆక్సిజన్‌ను బట్టి మిశ్రమాన్ని కొలిచే వైడ్‌బ్యాండ్ గేజ్‌ను ల్యాంబ్డాలో పెట్టుకుంటే తలనొప్పి ఉండదు. ఏ మిశ్రమమైనా ల్యాంబ్డా 1 అంటే ఆ ఇంధనానికి సరిగ్గా కావలసినంత గాలి అనే అర్థం. ట్యూన్‌ను ఇ30కు రాయించుకున్నాక ట్రిమ్‌లు సున్నాకు దగ్గరగా ఉండాలి. ప్లస్ వైపు బాగా జరిగాయంటే ఇథనాల్ ఎక్కువైనట్టు, లేదా ఇంధనం సరిగా అందనట్టు. ప్రీమియం పెట్రోల్ ట్యూన్ ఫైల్ కూడా ఎప్పుడూ చేతిలో ఉండాలి. దారిలో ఇ85 దొరక్కపోతే, ఇ30 టైమింగ్‌తో మామూలు పెట్రోల్ మీద లోడ్ లాగించడం పిస్టన్లకు చాలా ప్రమాదం.

ఫలితం చూస్తే మనసు నిండిపోయింది. అదే ఎత్తు, అదే ట్రెయిలర్, టైమింగ్ వెనక్కి పోవడం దాదాపు ఆగిపోయింది. మైలేజీ లెక్క ప్రకారం 6, 7 శాతం తగ్గాలి, నా బండిలో కూడా అంతే తగ్గింది. ఇ30 ట్యూన్‌లో బూస్ట్ (టర్బో ఇచ్చే గాలి ఒత్తిడి) పెంచాం కాబట్టి స్పార్క్ ప్లగ్‌లు ఒక మెట్టు చల్లటివి వేసి, గ్యాప్ తగ్గించాను. ఇథనాల్ పాత మడ్డిని కరిగించి లాక్కొస్తుంది, అందుకే ఫ్యూయల్ ఫిల్టర్ ముందే మార్చేశాను. ఆయిల్‌కూ గడువు తగ్గించాను. చిన్న చిన్న దూరాలే తిరిగే బండిలో ఇంధనం, నీటి తేమ ఆయిల్‌లో చేరతాయి. వారాల తరబడి పక్కన పెట్టేటట్టుంటే ట్యాంక్‌లో ఇథనాల్ మిశ్రమం ఉంచను. అది గాలిలోని తేమను పీల్చుకుంటుంది.

ఇక చేయాల్సింది ఇంధనంలో ఇథనాల్ శాతాన్ని కొలిచే ఫ్లెక్స్ ఫ్యూయల్ సెన్సర్ పెట్టడం. నేను చూస్తున్న రకం 50 హెర్ట్జ్ ఇస్తే ఇథనాల్ సున్నా, 150 ఇస్తే పూర్తి ఇథనాల్. ముందు దాన్ని లో ప్రెజర్ లైన్‌లో పెట్టి గేజ్‌కు మాత్రమే కలుపుతాను. గాజు గొట్టం రీడింగ్‌తో పోల్చి చూసి, రెండూ సరిపోయాకే ఈసీయూకు (ఇంజిన్ కంప్యూటర్‌కు) కలపమని ట్యూనర్‌కు చెబుతాను.