రోజురోజుకీ

సాయంత్రం పాప ఇంగ్లిష్ నోట్సు తెచ్చి చూపించింది. హైదరాబాద్‌లో ఉన్న వాళ్ళ పెదనాన్నకి రాసినట్టు ఉత్తరం రాయమన్నారట బళ్ళో. తాతయ్య గురించి రాసింది. మావయ్యగారికి తుంటి ఆపరేషనై ఐదు వారాలు. 'డే టు డే తాతయ్య ఈజ్ వాకింగ్ బెటర్' అని ఉంది. చదివితే తెలిసిపోతుంది, కానీ ఇన్నాళ్ళుగా ఇంటిల్లిపాదీ ఎదురుచూస్తున్న సంగతి అది. సరైన మాటతోనే చెప్పాలనిపించింది.

"రోజూ అనాలనా, రోజురోజుకీ అనాలనా?" అన్నాను.

"రోజురోజుకీ అనే."

అయితే డే బై డే. కొంతమంది 'ఐ గో టు స్కూల్ డే బై డే' అని కూడా రాస్తారు. 'రోజురోజుకీ బడికి వెళ్తాను' అని తెలుగులో అంటామా? అక్కడ ఎవ్రీ డే చాలు. డే బై డే వాడితే ఏదో ఒకటి కొంచెం కొంచెంగా పెరుగుతూనో తగ్గుతూనో ఉండాలి. డే ఆఫ్టర్ డే అంటే మళ్ళీ వేరు, రోజుల తరబడి అదే పని. అందులో తరచూ విసుగు వినిపిస్తుంది.

"మరి డే టు డే ఎక్కడ వాడతారమ్మా?"

వరండాలోంచి మావయ్యగారు అందుకున్నారు. మిర్చి యార్డు దగ్గర కమీషన్ కొట్లో గుమాస్తాగా చేసిన మనిషి. "యార్డులో రేటు చెప్పవే! ఇవాళ క్వింటాకి రెండొందలు ఎక్కుద్ది, రేపు మూడొందలు దిగుద్ది." నిజమే, రోజుకో రకంగా మారేదానికి 'ఫ్రమ్ డే టు డే' సరిగ్గా సరిపోతుంది. ఇంటి ఖర్చుల్లాంటి రోజువారీ వాటికి ముందు పెడితే డే-టు-డే, మధ్యలో హైఫన్లతో. డే బై డేకి మామూలుగా అవేవీ అక్కర్లేదు.

ఫిజియోథెరపీ అబ్బాయి వరండా గచ్చు మీద సుద్దముక్కతో గీతలు గీసి వెళ్తాడు, ఆయన ఎంతవరకు నడిచారో తెలియడానికి. మొదటిది గుమ్మానికి మూరెడు దూరంలో ఉంది. అప్పుడు ఆ కాస్తకే ఆయన చొక్కా తడిసిపోయింది. నిన్నటిది మెట్ల దగ్గరుంది. పాపని అక్కడ నిలబెట్టి గీతలన్నీ చూపించాను. ఇంకేమీ చెప్పక్కర్లేకపోయింది.

కొట్టేసి మళ్ళీ రాసింది: 'డే బై డే, తాతయ్య ఈజ్ గెట్టింగ్ స్ట్రాంగర్.' చదివి వినిపిస్తే ఆయన వాకర్ దగ్గరికి లాక్కుని, "ఆ సుద్దముక్క ఎక్కడ పెట్టావే?" అన్నారు.