పార్కిన్‌లో గుల్ల కుండ

అమెరికాలోని మెంఫిస్‌లో మూడు రోజుల గురించి రాయడానికి పెద్దగా ఏం లేదు. టికెట్టు పెట్టి చూసే చోట్లన్నీ మనిషికింత అని లెక్కేసుకుని సగం మానేశాం. నాలుగోరోజు అమ్మని ఎక్కించుకుని, మిసిసిపీ వంతెన దాటి, ఆర్కన్సా రాష్ట్రంలో 64వ నంబరు రోడ్డు పట్టుకున్నాను.

పార్కిన్‌లో సెయింట్ ఫ్రాన్సిస్ నది ఒడ్డున అమెరికా ఆదివాసుల 17 ఎకరాల పాత ఊరుంది. మూడువైపులా అగడ్త, నాలుగోవైపు నది. 1541లో స్పెయిన్ దండుతో వచ్చిన డి సోటో చూసిన కాస్కీ అనే ఊరు ఇదేనని పురావస్తు పరిశోధకుల నమ్మకం. అమ్మకి ఆ దండు కథ పట్టలేదు. మ్యూజియంలో ఒక కుండపెంకు దగ్గర ఆగిపోయింది. విరిగిన అంచులో తెల్లటి చుక్కలు తళుక్కుమంటున్నాయి.

"గుల్లరా ఇది!" అంది.

నిజంగానే నదిలో దొరికే ఆల్చిప్పలు. వాటిని కాల్చి, నలగ్గొట్టి, మట్టిలో కలిపేవారట.

"అదెలా కుదురుద్ది? సున్నపురాయి పడ్డ ఇటుక వానకి తడిస్తే పొక్కిపోదూ?"

మా పశ్చిమగోదావరిలో ఇటుకబట్టీ పక్కన పెరిగిన మనిషి ప్రశ్న. అక్కడి ఉద్యోగిని అడిగాను. ఆవిడ ఓపిగ్గా చెప్పింది: బట్టీ లేదు, ఆరుబయట మంటలో కాల్చేవారు. ఆ వేడికి గుల్ల సున్నంగా మారదు. రేకులు రేకులుగా కుండ గోడలో సర్దుకుని, పగులు మొదలైనా ముందుకి సాగనివ్వదు. అందుకే పొయ్యి మీద పెట్టినా తట్టుకునేది. కుమ్మరి సారె లేకుండా, మట్టిచుట్టల మీద చుట్టలు పేర్చి చేసిన కుండలవి.

ఇంకో కుండ ఒంటినిండా గోటినొక్కులు. ఈ తరహాకి ఈ ఊరి పేరే పెట్టారు, 'పార్కిన్ పంక్చువేటెడ్' అని. అమ్మ తన బొటనవేలు గోరు అద్దానికి ఆనించి చూసుకుంది. "కజ్జికాయ అంచు నొక్కినట్టే ఉంది" అంది. ఆ మాట విన్నాక ఆ కుండని మ్యూజియం వస్తువులా చూడలేకపోయాను. అన్నేళ్ల కిందట ఎవరో ఇంటి పని చేసుకుంటూ, ఒక్కో నొక్కూ తోచినంత దూరంలో పెట్టుకుంటూ పోయారు. 1673లో ఫ్రెంచివాళ్లు పడవల్లో వచ్చేసరికి ఈ చుట్టుపక్కల ఇలాంటి ఊళ్లే మిగల్లేదని చదివి గొంతు పట్టేసింది.

బయట దారి వెంట నడుస్తుంటే అమ్మ వంగి ఒక చిన్న పెంకు తీసింది. అంచులో తెల్ల చుక్కలు. ఇక్కడినుంచి ఏమీ తీసుకెళ్లకూడదని చెప్పాను. చీరకొంగుతో మట్టి తుడవబోయి, ఆగి, తీసిన చోటే బోర్లించి పెట్టింది.