పాత బుల్లెట్‌ను షోకు సిద్ధం చేసి అమ్మాలంటే: సీ బుక్కు నుంచి బంగారు గీత దాకా

తిరుపతి, చిత్తూరు చుట్టుపక్కల పల్లెల్లో పాత బుల్లెట్లు ఇంకా దొరుకుతున్నాయి. రైస్ మిల్లు వెనకాలో, పశువుల కొట్టంలోనో గోనెపట్టా కప్పి పడేసి ఉంటాయి. చెన్నైలో, బెంగళూరులో వీటిని కొనేవాళ్లు ఉన్నారు, మంచి ధర పెడతారు కూడా. అయితే వాళ్లు డబ్బులిచ్చేది మెరుపుకి కాదు. నంబర్లు సరిపోతున్నాయా, తయారైన ఏడాది ఫ్యాక్టరీ నుంచి ఎలా వచ్చిందో బండి అలాగే ఉందా, కాగితాలు శుభ్రంగా ఉన్నాయా అన్నవి చూస్తారు. ఖర్చు కూడా ఇదే వరసలో పెట్టాలి.

బండిని టెంపోలోకి ఎక్కించే ముందే సీ బుక్కు, అంటే రిజిస్ట్రేషన్ పుస్తకం చేతిలో పట్టుకుని కూర్చోండి. క్రాంక్ కేస్ (ఇంజన్ కింది పెట్టె) మీది ఇంజన్ నంబరు, హెడ్‌స్టాక్ (హ్యాండిల్ తిరిగే ఫ్రేము మెడ) దగ్గరి ఛాసిస్ నంబరు పుస్తకంలో ఉన్నవాటితో అక్షరం అక్షరం కలవాలి. పెయింటు కింద నంబరు కనపడకపోతే థిన్నర్ గుడ్డతో తుడవాలి, ఎమ్రీ పేపరు మాత్రం తగలనివ్వకూడదు. తర్వాత కాగితం పెట్టి పెన్సిల్‌తో రుద్ది ప్రింటు తీసుకోండి. ఆర్టీవో ఆఫీసులోనూ అదే అడుగుతారు, రేపు కొనేవాడికీ అదే చూపించాలి. 1989కి ముందు మూడక్షరాల నంబరు పడిన బండ్ల రికార్డు చాలాసార్లు కంప్యూటర్లోకి ఎక్కి ఉండదు. అది ఎక్కేదాకా ట్రాన్స్‌ఫర్ కదలదు. యజమాని చనిపోయి ఉంటే ముందు వారసుల పేరు మీదికి ఫారం 31తో మార్చాలి. ఎప్పుడో తీసుకున్న ఫైనాన్సు సంగతి సీ బుక్కులో అలాగే ఉండిపోతే ఫారం 35 కావాలి. తమిళనాడు నంబరైతే అక్కడి నుంచి ఫారం 28 ఎన్ఓసీ తెచ్చి, ఇక్కడ లైఫ్ ట్యాక్స్ కట్టాలి. ఇవేవీ కుదరని బండిని విడిభాగాల కోసం కొనండి, రిపేరు చేసి అమ్ముదామని మాత్రం వద్దు.

2021 జులైలో కేంద్రం వింటేజ్ వాహనాలకు వేరే రిజిస్ట్రేషన్ పెట్టింది. మొదటి రిజిస్ట్రేషన్ జరిగి 50 ఏళ్లు దాటి ఉండాలి. ఛాసిస్, బాడీ, ఇంజన్ మార్చకుండా అసలు రూపంలో ఉండాలి. కొత్త రిజిస్ట్రేషన్‌కు ఫీజు 20,000 రూపాయలు, మళ్లీ చేయించుకోవాలంటే 5,000, గడువు 10 ఏళ్లు. నంబరు ప్లేటులో రాష్ట్రం కోడ్ తర్వాత వీఏ అనే అక్షరాలు వస్తాయి. కానీ ఆ ప్లేటుతో రోజూ తిరగకూడదు. ప్రదర్శనకు, ర్యాలీకి, పెట్రోలుకు, మరమ్మతుకు మాత్రమే రోడ్డెక్కాలి. బండి కొనేవాడు దాన్ని నడుపుకుంటాడా, దాచుకుంటాడా అన్నదాన్ని బట్టి ఇది చేయించాలా వద్దా తేల్చుకోండి. ఆదివారం పూట బయటికి తీద్దామనుకునేవాడికి మామూలు సీ బుక్కే మేలు.

ఇక ఇంజన్. 1970ల నాటి కాస్ట్ ఐరన్ బుల్లెట్ 350 అంటే 346 సీసీ, 70 మిల్లీమీటర్ల బోరు (సిలిండర్ లోపలి వెడల్పు), 90 మిల్లీమీటర్ల స్ట్రోకు (పిస్టన్ కదిలే దూరం). నట్లలో చాలావాటికి బీఎస్ఎఫ్, సైకిల్ త్రెడ్డు అనే పాత బ్రిటిష్ మరలు ఉంటాయి. మామూలు 12, 14 నంబర్ల మిల్లీమీటరు స్పానర్లు పెట్టి తిప్పితే మూలలు అరిగిపోతాయి, ఆ అరిగిన నట్లే షోలో ముందు కంటపడతాయి. విట్‌వర్త్ అనే పాత బ్రిటిష్ కొలత స్పానర్ల సెట్టు మొదటే కొనండి.

ఇందులో కనెక్టింగ్ రాడ్ పెద్ద చివరన ఉండేది ఫ్లోటింగ్ బుష్. అది ఆయిలు మీద తేలుతూ తిరగాలి. ఆయిలు ఒక్క నిమిషం అందకపోయినా పట్టేస్తుంది. అందుకే ఈ ఇంజన్‌కు ప్రాణం ఆయిల్ పంపుల్లోనే ఉంది. ఒకటి ఆయిలును పంపేది, ఒకటి వెనక్కి లాగేది. రెండింటినీ తిప్పేది క్రాంక్ చివర బిగించిన వర్మ్, అంటే మరలాంటి గేరు. దానిది ఎడమ త్రెడ్డు, అంటే మామూలుకు ఎదురు దిక్కులో తిప్పితేనే ఊడుతుంది. ఈ సంగతి తెలియనివాళ్లు మామూలు నట్టులా తిప్పి దాన్ని విరగ్గొడతారు. పంపు డిస్కులు గీతలు పడి ఉంటే గాజు పలక మీద నున్నటి గ్రైండింగ్ పేస్టు వేసి ఎనిమిది అంకెలా తిప్పుతూ చదును చేయాలి. తర్వాత పేస్టు చుక్క కూడా మిగలకుండా పెట్రోలుతో కడగాలి. క్రాంక్ కేసును ఇసుక బ్లాస్టింగ్‌కు ఇవ్వకండి. రేణువు ఆయిలు దారిలో ఇరుక్కుంటే ఆ బుష్షు ఎక్కువ దూరం రాదు. పైగా బ్లాస్టింగ్‌లో ఇంజన్ నంబరు అంచులు చెరిగిపోతాయి, అప్పుడు చేతులారా కాగితాలు పాడుచేసుకున్నట్టే. కిరోసిన్, ఇత్తడి బ్రష్షు, ఓపిక చాలు.

బోరింగ్‌కు (అరిగిన సిలిండర్ లోపలిని కాస్త పెద్దది చేయించడం) బ్లాకును ఒక్కదాన్నే లేత్ షాపుకు పంపొద్దు. ముందు ఓవర్‌సైజు పిస్టన్ కొని, రెండూ కలిపి ఇవ్వండి. పిస్టన్ పెట్టె మీద రాసిన క్లియరెన్సుకే బోరు కొట్టించాలి. బ్లాకు తిరిగి వచ్చాక రింగును బోరులోకి నెట్టి గ్యాపు చూడండి. అంగుళం బోరుకు 4 థౌ (థౌ అంటే అంగుళంలో వెయ్యో వంతు) లెక్కన ఇక్కడ 11 థౌ వరకు రావాలి. అంతకంటే బిగువుగా ఉంటే వేడికి రింగు చివరలు కలుసుకుని బోరును గీసేస్తాయి.

టాపెట్లు, అంటే వాల్వులను తెరిచే పుష్ రాడ్ల సందు, ఇంజన్ చల్లగా ఉన్నప్పుడే సరిచేయాలి. కంప్రెషన్ స్ట్రోకులో పిస్టన్ పైకి వచ్చినప్పుడు పుష్ రాడ్ వేళ్లతో తిప్పితే సులువుగా తిరగాలి, కానీ పైకీ కిందికీ ఆడకూడదు. ప్లగ్గుకు నిప్పురవ్వ అందించే కాంటాక్ట్ పాయింట్ల గ్యాపు 0.35 నుంచి 0.40 మిల్లీమీటర్లు. ఆటో అడ్వాన్స్ (వేగాన్ని బట్టి టైమింగ్ మార్చే పరికరం) పూర్తిగా వెనక్కి ఉండగా, పిస్టన్ పై అంచుకు చేరడానికి 0.8 మిల్లీమీటర్ల ముందు పాయింట్లు విడిపోవాలి. పాయింట్ల మధ్య సిగరెట్టు కాగితం పెట్టి మెల్లగా లాగుతూ తిప్పితే, అది జారి వచ్చిన చోటే టైమింగ్. మొదటిసారి స్టార్ట్ చేసే ముందు ప్లగ్గు తీసి, ఆయిలు వచ్చేదాకా కిక్ కొట్టండి. స్టార్ట్ అయ్యాక రాకర్లకు వెళ్లే పైపు బోల్టు కొంచెం వదులు చేస్తే అక్కడ ఆయిలు ఊరాలి. ఊరకపోతే వెంటనే ఆపేయండి.

బుల్లెట్ అంటే ఆయిలు కారాల్సిందే అంటారు. ఆ మాట ఒప్పుకోనక్కర్లేదు. బ్రీదర్ ట్యూబు (ఇంజన్ లోపలి గాలి బయటికి పోయే గొట్టం) మూసుకుపోతే లోపలి గాలి ఒత్తిడికి ప్రతి జాయింటూ చెమర్చుతుంది. అది శుభ్రం చేయకుండా సిలికాన్ మందంగా పూస్తే, లోపలికి పిండుకున్న ముక్క తెగి ఆయిలు దారికి అడ్డం పడుతుంది.

ట్యాంకు పని పెయింటుకు ముందే అయిపోవాలి. గుప్పెడు చిన్న నట్లు వేసి బాగా కుదిపి, వెనిగర్‌తో నింపి ఒక రోజు ఉంచి, వంటసోడా నీళ్లతో కడిగి, వెంటనే ఎండబెట్టి లోపల పల్చగా టూ స్ట్రోక్ ఆయిలు తిప్పండి. ఇప్పుడు బంకుల్లో ఎక్కువగా దొరికేది 20 శాతం ఇథనాల్ కలిపిన ఇ20 పెట్రోలు. అది తేమను పీలుస్తుంది, పాత రబ్బరు వాషర్లను ఉబ్బిస్తుంది. బండి నెలల తరబడి నిలబడేదైతే ట్యాంకు, కార్బరేటర్ ఖాళీ చేసి పెట్టాలి.

క్రోమ్ దగ్గర చాలామంది ఆశపడి చెడగొడతారు. నట్లు, స్పోకులు, బ్రాకెట్లు అన్నీ క్రోమ్ చేయిస్తే తెలిసినవాడు దూరం నుంచే పెదవి విరుస్తాడు. నట్లకు తెల్ల జింకు ప్లేటింగ్ చాలు. టైమింగ్ కవరు, ప్రైమరీ చైన్ కేసు పాలిష్ మెరుపుతో ఉండాలి, క్రాంక్ కేసు మాత్రం పోత పోసిన గరుకుతోనే ఉండాలి. ఏది క్రోమ్, ఏది రంగు అన్నది ఆ ఏటి పార్ట్స్ బుక్కు, పాత ప్రకటనల్లోని ఫోటోలు చూసి తేల్చుకోండి. రిమ్ములకు, హ్యాండిల్‌కు రాగి, నికెల్, ఆపైన క్రోమ్, మూడు పొరలూ ఉండాలి. రాగి లేకుండా వేసింది మన వానలకు రెండేళ్లలో చుక్కలు తేలుతుంది. దొరకని భాగాలకు చెన్నైలో పుదుపేట, జనరల్ ప్యాటర్స్ రోడ్డు తిరగాలి. కొత్త నకలు సామాను కన్నా వంగిన అసలు మడ్‌గార్డును టింకరింగ్ చేయించుకోవడమే మంచిది.

ఫ్రేముకు పౌడర్ కోటింగ్ వద్దు. అది మందంగా పట్టి నంబరును కప్పేస్తుంది, త్రెడ్లు పూడిపోతాయి. ఎపాక్సీ ప్రైమరు, ఆపైన నలుపు పెయింటు వేయించండి. పుట్టీ 2 మిల్లీమీటర్లు దాటితే వైబ్రేషన్‌కు పగులుతుంది కాబట్టి సొట్టను ముందు సుత్తితో సరిచేయించాలి. కాలం కూడా చూసుకోవాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా ఈశాన్య రుతుపవనాల తేమకు పెయింటు మీద తెల్లటి మబ్బు దిగుతుంది. మే నెల తిరుపతి ఎండలో గన్ను నుంచి వచ్చిన రంగు రేకుకు తగిలేలోపే ఆరి, ఉపరితలం ఇసుక కాగితంలా వస్తుంది. ఫిబ్రవరి, మార్చి నెలల్లో ఉదయం పూట, నెమ్మదిగా ఆరే థిన్నర్‌తో కొట్టిస్తే పెయింటరుకు తర్వాత పాలిష్ పని సగం తగ్గుతుంది.

ట్యాంకు మీది బంగారు గీతను మద్రాసు తిరువొత్తియూర్ ఫ్యాక్టరీలో చేత్తో గీసేవారు. స్టిక్కరు అంటించిన గీత మొదలు నుంచి చివరి దాకా ఒకే మందంలో ఉంటుంది, వంపు దగ్గర ముడత పడుతుంది. చేతి గీతలో బ్రష్షు ఆనిన చోట చిన్న ఉబ్బు, ఎత్తిన చోట సన్నటి కొస కనిపిస్తాయి. ఇంత చేసిన బండికి స్టిక్కరు వేయకండి. సైన్ బోర్డులు రాసిన పాత ఆర్టిస్టులు మన ఊళ్లలో ఇంకా ఉన్నారు. పొడవాటి వెంట్రుకల లైనింగ్ బ్రష్షు ఇచ్చి, ముందు పాత మడ్‌గార్డు మీద సాధన చేయించి ట్యాంకు అప్పగించండి.

మొదటి 500 కిలోమీటర్లు గంటకు 50 దాటకుండా, ఒకే వేగంలో ఎక్కువసేపు పోకుండా నడపాలి. చంద్రగిరి వైపు చదును రోడ్డు దీనికి బాగుంటుంది. ఆ తర్వాత ఆయిలు మార్చి, హెడ్ బోల్టులు మళ్లీ బిగించి, టాపెట్లు చూసి అప్పుడు మొగిలి ఘాటు ఎక్కించండి. క్లచ్ జారుతుందో లేదో ఎక్కుడులోనే తెలుస్తుంది.

అమ్మేటప్పుడు పాలిష్ చేసిన ఫోటోల కంటే నంబర్ల ఫోటోలు, విప్పినప్పటి ఫోటోలు, పిస్టన్ పెట్టె మీది సైజు, బోరింగ్ బిల్లు, చల్లటి ఇంజన్ కిక్ కొట్టి స్టార్ట్ చేసిన వీడియో ఎక్కువ పనిచేస్తాయి. మార్చిన భాగాలన్నీ రాసి ఇవ్వండి, తీసేసిన అసలు భాగాలు కూడా పెట్టెలో వేసి ఇవ్వండి. పేరు మార్పిడికి పెట్టే ఫారం 29, 30 మీద తేదీ లేకుండా సంతకాలు పెట్టి బండి అప్పగించే అలవాటు మన దగ్గర చాలా ఉంది. పేరు మారేదాకా ప్రమాదం జరిగితే బాధ్యత రికార్డులో ఉన్న యజమానిదేనని 2018లో సుప్రీంకోర్టు చెప్పింది. అడ్వాన్సు తీసుకోండి, ట్రాన్స్‌ఫర్ అర్జీ పెట్టించి రసీదు చూశాకే బండి ఇవ్వండి. వింటేజ్ రిజిస్ట్రేషన్ ఉన్న బండైతే అమ్మకం సంగతి 90 రోజుల్లోపు రవాణా శాఖకు తెలియజేయాలి. దూరం ఊరికి రైల్లో పార్సిల్ చేస్తే ట్యాంకులో పెట్రోలు పూర్తిగా తీసేయాలి. గీత గీసిన చోట గోనెపట్టా నేరుగా తగలకుండా ముందు మెత్తటి నూలు గుడ్డ చుట్టాలి.