నేను మోకాలు అనుకున్నాను

మా అబ్బాయికి 12 ఏళ్లు. ఇంట్లో మాతో తెలుగే మాట్లాడతాడు. కాకపోతే వాడి తెలుగులో ఒంటి భాగాలకు ఉన్న మాటలు చాలా తక్కువ: తల, కడుపు, చెయ్యి, కాలు. రెండు నెలల పాటు "అమ్మా, కాలు నొప్పి" అంటూనే ఉన్నాడు. ఎక్కడరా అంటే తొడ నుంచి మోకాలి దాకా అరచేత్తో ఒకసారి రాసి చూపించేవాడు. నేను మోకాలు అనుకున్నాను. డాక్టరుకు ఇక్కడి భాషలో చెప్పింది కూడా నేనే. మోకాలికి ఎక్స్‌రే తీసి, ఏమీ లేదన్నారు. ఫోన్లో మా అమ్మ "ఎదిగే వయసు కదే, నొప్పులుంటాయిలే" అంది. నాకూ అదే నమ్మాలనిపించింది.

ఒకరోజు బూటు లేసు కట్టుకుంటుంటే చూశాను. ఎడమ కాలు మామూలుగా మడిచి కట్టుకున్నాడు. కుడి కాలు మాత్రం ఛాతీ వైపు రావడం లేదు. మోకాలు దానంతట అదే పక్కకు తిరిగిపోతోంది. లేచి నడిస్తే ఆ పాదం బయటికి తిరిగి పడుతోంది, కొద్దిగా కుంటుతున్నాడు కూడా. ఎన్నాళ్ల నుంచి అలా నడుస్తున్నాడో, నేనే గమనించలేదు.

రెండోసారి చూసిన డాక్టరు నేను చెప్పడం మొదలుపెట్టగానే, "బాబునే చెప్పనివ్వండి" అన్నారు. వాడు నా వైపు ఒకసారి చూసి, గొంతు తగ్గించి, గజ్జ దగ్గర వేలు పెట్టాడు. మొదటి నుంచీ నొప్పి అక్కడ కూడా ఉందట. నాకెందుకు చెప్పలేదురా అని తర్వాత అడిగితే, "దాన్ని తెలుగులో ఏమంటారో తెలీదు, చూపించాలంటే సిగ్గేసింది" అన్నాడు. నిజమే, గజ్జలు అన్న మాట వాడి ముందు నేనెప్పుడూ పలకలేదు.

రెండు తుంట్లకూ ఎక్స్‌రేలు తీశారు, ఒకటి ఎదురుగా, ఇంకొకటి కాళ్లు కప్పలా మడిచి పక్కకు వాల్చి. తొడ ఎముక పైకొసన ఉండే బంతికీ దాని కింది మెడకీ మధ్య పిల్లల్లో గ్రోత్ ప్లేట్ అనే మెత్తటి పొర ఉంటుంది. ఎముక ఎదిగేది అక్కడే. ఎదుగుదల ఊపందుకునే వయసులో ఆ పొర దగ్గర పట్టు సడలి ఎముక జారిందన్నారు. దీని పేరు స్లిప్డ్ క్యాపిటల్ ఫిమోరల్ ఎపిఫిసిస్. తుంటికీ మోకాలికీ కొన్ని నరాలు ఉమ్మడి కాబట్టి తుంటిలో నొప్పి మోకాలిలో తెలుస్తుందట. ఈ వయసు పిల్లలు మోకాలు నొప్పని కుంటుతుంటే తుంటి కూడా చూడమని మీరే అడగండి. మా విషయంలో ఆ ఒక్క మాట ఎవరూ అనలేదు.

ఆ క్షణం నుంచి ఆ కాలు నేల మీద మోపనివ్వలేదు. వీల్‌చైర్‌లో అటునుంచి అటే అడ్మిట్ చేశారు. అప్పటిదాకా వాడు నడవగలుగుతున్నాడు కాబట్టి ఇది స్థిరంగా ఉన్న రకమన్నారు. అసలు అడుగు వేయలేని స్థితి వస్తే బంతికి రక్తం అందక ఎముక చచ్చుబడే ప్రమాదం చాలా ఎక్కువ. వారం ఆలస్యం చేసి ఉంటే అన్న ఆలోచన ఇప్పటికీ నాకు నిద్రపట్టనివ్వదు.

సర్జన్ కాగితం మీద బొమ్మ గీసి నాకు కాదు, వాడికి చెప్పారు. జారిన ఎముకను బలవంతంగా వెనక్కి లాగరు, లాగితే రక్తనాళాలు దెబ్బతినొచ్చు. తొడ ముందు వైపు చిన్న గాటు పెట్టి, ఎక్స్‌రే తెర మీద చూసుకుంటూ, మెడ నుంచి బంతిలోకి ఒక్క స్క్రూ బిగిస్తారు. ఇక జారదు, ఆ పొర కొన్ని నెలల్లో గట్టిపడి మూసుకుంటుంది. కాలు పొట్టిదవుతుందా అని వాడే అడిగాడు. కాలు పొడవు ఎక్కువగా మోకాలి దగ్గరే పెరుగుతుంది కాబట్టి తేడా వచ్చినా సాధారణంగా కొద్దిగానే ఉంటుందన్నారు. బాగా ఎక్కువ జారితే మాత్రం ఇంత సులువు కాదు, తుంటి తెరిచి ఎముకను సరిచేసే పెద్ద ఆపరేషన్ అవసరం కావచ్చు.

ఆ రాత్రి వాడే అమ్మమ్మకు వీడియోలో చెప్పాడు. మాటలు నేను అందించాను: తుంటి, మెడ, ఎదిగే పొర. "బంతి తుంటి గిన్నెలోనే ఉంది అమ్మమ్మా, కింది ఎముకే పక్కకి జరిగింది." అమ్మ కళ్లు తుడుచుకుంటూ వింది. బరువు ఎక్కువున్న పిల్లల్లో ఇది ఎక్కువని డాక్టరు అన్న మాట విని, బొద్దుగా ఉంటే మంచిదని తనే అన్నానని బాధపడింది. ఎవరి తప్పూ కాదమ్మా అన్నాను. సన్నటి పిల్లలకూ వస్తుంది. థైరాయిడ్ లాంటి హార్మోన్ లోపాలున్నా వస్తుంది. పదేళ్లలోపు పిల్లల్లో కనిపిస్తే అందుకే రక్తపరీక్షలు చేయిస్తారు.

ఆరు వారాలు చంకకర్రలతో నడిచాడు. రెండో తుంటి కూడా జారే అవకాశం ఉంది. ముందుజాగ్రత్తగా దానికీ స్క్రూ వేయాలా అన్నదాని మీద డాక్టర్లలోనే రెండు అభిప్రాయాలున్నాయి. మేం వేయించలేదు, గ్రోత్ ప్లేట్లు మూసుకునేదాకా వరసగా ఎక్స్‌రేలు తీయిస్తామని ఒప్పుకున్నాం.

పోయిన నెల ఒక రాత్రి నా గది తలుపు దగ్గర నిలబడి, "అమ్మా, ఎడమ గజ్జలో లాగినట్టుంది" అన్నాడు, తెలుగులోనే. చంకకర్రలు తీసిచ్చి అప్పుడే బయల్దేరాం. ఎక్స్‌రే బాగానే ఉంది. మూడు నెలలకు మళ్లీ రమ్మన్నారు.